పగిలిన సీసాలు చెల్లవు

బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు మా చెల్లె ఫోన్ చేసింది. గుర్తుండి చెప్పడం లేదు, తర్వాత ఫోనులో చూసుకున్నాను. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. నేను కరీంనగర్‌లో ప్రభుత్వ మందుల స్టోరులో గుమాస్తాను. అప్పుడు నా టేబుల్ దగ్గర కూర్చుని అన్నం డబ్బా తెరుస్తున్నాను.

“తింటున్నవా అన్నా?”

“ఇప్పుడే మూత తీసిన.”

“ఏం కూర?”

“అనిగెపుకాయ.” మా వైపు సొరకాయను అలాగే అంటాం.

“ఇయ్యాల గూడనా? నీకు ప్రమోషన్ వచ్చింది గని కూర మాత్రం మారలే.”

“మీ వదినకు చెప్పు.”

“అమ్మో, నాకెందుకు. తిట్లు నేను తినాలె, కూర నువ్వు తింటవా?”

అంతకు నాలుగు రోజుల కింద వాళ్ల అత్త చనిపోయింది. ఆదివారం మట్టికి, అంటే అంత్యక్రియలకు, నేనూ వెళ్లి వచ్చాను. పెద్దావిడ మంచాన పడి ఏడాది దాటింది. చెల్లె ఆమెను కడుపున పుట్టిన బిడ్డలాగా చూసుకుంది. ఇప్పుడు నవ్వుతూ మాట్లాడుతోందంటే కాస్త తేరుకుందనుకున్నాను.

“అన్నా, ఒక మాట. గీ షుగర్ సూది మందు సీస పలిగితె మల్ల ఇయ్యరా?”

“ఎవలది పలిగింది?”

“మా ఊర్ల ఒకామెది. నువ్వు గా ఆఫీసుల ఉంటవని ఎరుకైంది. జర అడుగుమన్నది.”

“ఇయ్యరు. ఖాళీ సీస తెస్తెనే కొత్తది. ముక్కలు చెల్లవు.”

“నిజంగనే పలిగిందన్నా. ముక్కలు దాసి పెట్టుకున్నదట.”

“అందరు గదే అంటరు చెల్లె. ఒక్క సీస ముక్కలు నలుగురు పట్టుకొస్తరు. నీకెరుక లేదు.”

“మరి ఆమె ఏం జెయ్యాలె?”

“డాక్టర్‌తోని చీటి రాపిచ్చుకోవాలె. లేకుంటె బయట కొనుక్కోవాలె. సర్కారు సొమ్ము ఊకెనే వస్తదా?”

ఫోనులో ఆమె వెనుక ఎవరో పేర్లు పిలుస్తున్న చప్పుడు వినిపించింది.

“సరే తియ్. చెప్త ఆమెకు.”

“నీ మందు ఉన్నదా?”

“ఉన్నది. నువ్వు తిను, సల్లారిపోతది.”

ఆ ఊళ్లో అలాంటి ఒకామె ఎవరూ లేరు. పగిలిన సీసా మా చెల్లెదే. ఫోన్ చేసినప్పుడు ఆమె ఇంట్లో కూడా లేదు. మండల కేంద్రంలోని సర్కారు దవాఖాన అరుగు మీద, ఒళ్లో ప్లాస్టిక్ కవరులో గాజు ముక్కలు పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా వారానికి, తర్వాతి బుధవారం ఉదయం, ఆదిలాబాద్‌లో ఆమె చనిపోయింది. ఇన్సులిన్ లేక చనిపోయింది. ఆ వారమంతా మా స్టోరులో ఇన్సులిన్ ఉంది.

మా చెల్లెకు పందొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. గోళీలతో తగ్గే రకం కాదు. ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయిందనీ, బతికినన్నాళ్లూ పొద్దునా సాయంత్రమూ సూది వేసుకోవాలనీ డాక్టరు చెప్పినప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, “పెండ్లయినంక గూడనా?” అని అడిగింది. బావకు అన్నీ చెప్పే పెళ్లి చేశాం. ఆయన ఆదిలాబాద్ వైపు రైతు, పత్తి వేస్తాడు. “సూది ఏసుడు నాకు గూడ నేర్పుండ్రి, ఎప్పుడన్న పనికొస్తది” అన్నాడు చూడవచ్చిన రోజే. నేర్చుకున్నాడు కూడా.

చాలా ఏళ్లు మందు కొనుక్కున్నారు. పత్తి బాగా వచ్చిన ఏడు సరిగా వేసుకునేది, రాని ఏడు తగ్గించి వేసుకునేది. తగ్గించానని మాకు చెప్పేది కాదు. బతుకమ్మకు వచ్చినప్పుడు మొహం చూస్తే తెలిసేది. అవ్వ అడిగితే ఎండకు నల్లబడ్డానని అనేది.

తర్వాత మండల కేంద్రంలోని దవాఖానలో ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. నెలకు రెండు సీసాలు. మొదటిసారి తెచ్చుకున్న రోజు నాకు ఫోన్ చేసింది. “అన్నా, పైసలు అడుగలే. సంతకం పెట్టిచ్చుకొని చేతుల పెట్టిండ్రు. నేను జర సేపు ఆడనే నిలవడ్డ, మల్ల పిలిచి అడుగుతరేమో అని.”

అటువైపు దవాఖానలకు కూడా మందులు అప్పట్లో మా స్టోరు నుంచే వెళ్లేవి. ఇన్సులిన్ పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడు అందులో రెండు సీసాలు మా చెల్లెవి అనుకునేవాణ్ణి. ఉద్యోగంలో నాకు నచ్చిన విషయాలు ఎక్కువ లేవు. అది ఒకటి.

సర్కారుకు అది చిన్న ఖర్చు కాదు. ప్రతి నెలా దవాఖానలు తమకు కావాల్సిన మందులు రాసి పంపే ఇండెంట్లు నా ముందుకే వచ్చేవి. ఇన్సులిన్ వరుస దగ్గర మా అధికారి ప్రతిసారీ ఆగేవారు. మిగతా మందులకు ఒక ముగింపు ఉంటుంది. జ్వరం తగ్గుతుంది, కోర్సు అయిపోతుంది. ఇన్సులిన్‌కు ఒకసారి పేరు రాసుకుంటే ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఇవ్వాలి. “గీ వరుస పెరుగుడే గని తగ్గుడు లేదయ్యా” అనేవారు ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. పై నుంచి ఆయనను ఎవరో అడుగుతారు, ఆయన నన్ను అడుగుతారు.

అంతలో ఒక ప్రైవేటు మందుల దుకాణంలో ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర ఉన్న సీసాలు దొరికాయి. దొంగతనం నిజమే. ఎవరో పేదవాళ్ల పేరు మీద రాసి పక్కదారి పట్టించారు. దాన్ని ఆపడానికి ఒక సర్క్యులర్ తయారు చేయమని నాకు చెప్పారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తేనే కొత్తది ఇవ్వాలన్నది అధికారి మాట. లెక్క తప్పితే ఫార్మసిస్టు జీతంలోంచి పట్టుకోవాలన్నదీ ఆయన మాటే. ఈ రెండింటి నడుమ ఒక సందు మిగిలినట్టు నాకు అనిపించింది. ఎవరైనా పగిలిన ముక్కలు తెస్తే ఏం చేయాలి? ఒకే సీసా ముక్కలు ఇద్దరు పంచుకుని తెస్తే? ఎవరూ అడగకపోయినా నేను ఒక వాక్యం చేర్చాను. ‘పగిలిన సీసాలు చెల్లవు.’

అధికారి చదివి నవ్వారు. “నీ తలకాయ మంచిగ పనిజేస్తదయ్యా” అన్నారు. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికి వెళ్లాను. ఆ సంతోషం సంగతి దాచుకుంటే ఇదంతా రాయడమే అనవసరం.

కొన్నాళ్లకు వేములవాడలో చెల్లె, బావ కలిశారు. గుడిలో కోడెను కట్టే మొక్కు చెల్లించుకోవడానికి వచ్చారు. లైనులో నిలబడి ఉన్నప్పుడు సర్క్యులర్ మాట వచ్చింది.

“గది నువ్వు రాసిందేనా? మా దవాఖాన గోడకు అంటిచ్చిండ్రు” అంది.

“నేనే రాసిన.”

“ఇగ నేను ఖాళీ సీసలు బంగారం లెక్క దాసుకోవాలె. మా ఆయి అడుగుతది, గాజుల డబ్బల సీసలేందే పిల్లా అని.” అటువైపు మాటలో మరాఠీ కలుస్తుంది. అత్తను ఆమె ఆయి అనే పిలిచేది.

బావ నవ్వాడు. “మా ఇంట్ల ముందు సీస, ఎనుక మొగడు” అన్నాడు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. “యాదికి పెట్టుకో చెల్లె. ఎప్పుడన్న తేడా వస్తె నా పేరు చెప్పి ఏది అడుగకు. నేను రాసిన రూలు నా ఇంటోళ్లకే తప్పిస్తె బాగుండదు.”

“నాకెందుకు చెప్తున్నవ్? నేనెప్పుడన్న అడిగిన్నా?”

ఎప్పుడూ అడగలేదు. ఆ ఒక్కసారి అడగబోయి కూడా తన పేరుతో అడగలేదు.

ఇక సీసా ఎలా పగిలిందో చెప్పాలి. ఇది నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరుసలో పెట్టి చెబుతాను.

ఇన్సులిన్‌ను చల్లగా ఉంచాలి. వాళ్ల ఫ్రిజ్ రెండు ఎండాకాలాల కింద ఓల్టేజీకి కాలిపోయింది. బాగు చేయించలేదు, ఎందుకంటే ఫ్రిజ్ అవసరం లేని దారి నేనే చూపించాను. పెద్ద మట్టికుండలో తడి ఇసుక, ఇసుక నడుమ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో సీసాలు, పైన తడి గుడ్డ. మా స్టోరుకు వచ్చిన ఒక కరపత్రంలో ఉన్న పద్ధతే. వెనుక అర్రలో, ఎండ పడని మూలన కుండను పెట్టాం. మందు ఎప్పుడూ చెడిపోలేదు.

వాళ్ల వైపు ఇంకో పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే మట్టి అయిన మూడో రోజు ఇల్లంతా కడిగి, మట్టి కుండలన్నీ ఊరవతల పడేస్తారు. ఇత్తడి, స్టీలు తోముకుంటే చాలు. మట్టికి మైల పోదంటారు, పడేయాల్సిందే. ఆ పని ఇంటివాళ్లు చేయరు. పాలోళ్ల ఆడవాళ్లు, అంటే ఒకే ఇంటిపేరు వాళ్లు, వచ్చి చేస్తారు. ఆ సమయంలో ఇంటి కోడలు వాగుకు స్నానానికి పోవాలి. ఆమె తిరిగి వచ్చేసరికి ఇంట్లో కుండ ఉండకూడదు.

మంగళవారం ఆమె పొద్దున సూది వేసుకుని, డబ్బాను మళ్లీ ఇసుకలో పెట్టి, గుడ్డ తడిపి కప్పి, వాగుకు వెళ్లింది. ఆ కుండ ముట్టొద్దని వాళ్లకు చెప్పలేదు. మూడు రోజులుగా నిద్ర లేదు. పైగా ఆమె దృష్టిలో అది కుండ కాదు, మందు పెట్టె. కుండలు పడేస్తారని తెలుసు, మందు పడేస్తారని తోచలేదు.

పాలోళ్లలో ఒక పెద్దామె నాతో చెప్పింది. “బరువున్నది బిడ్డా. గుడ్డ తీసి చూసిన. ఇసుక. కూరగాయలు పెట్టుకుంటదేమో అనుకున్న. ఇసుకున్నా గని కుండ కుండనే గదా, ఎట్ల ఇడిసి పెడ్తం? మల్ల రేపు మమ్మల్నే అంటరు, ఒక్క కుండ మర్చిండ్రని.” ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆమె చేసిన తప్పేమిటో నాకు తెలియలేదు. తనకు అప్పగించిన పనిలో ఎక్కడా సందు వదలకూడదనుకుంది, అంతే.

ఊరవతల కుండలు పగిలేలాగే విసురుతారు. చెల్లె వాగు నుంచి వచ్చి చెప్పగానే బావ వెళ్లి వెతికాడు. అలా పడేసినవి తిరిగి తేకూడదు, అయినా వెళ్లాడు. రెండు సీసాలూ పగిలిపోయి ఉన్నాయి. వారం కిందటే పాత ఖాళీ సీసాలు ఇచ్చి తెచ్చుకున్న కొత్తవి అవి. మూతలు, లేబుల్ అంటుకుని ఉన్న ముక్కలు ఏరి కవరులో వేసుకుని వచ్చాడు.

మర్నాడు బుధవారం, మైలలో గడప దాటొద్దని ముసలివాళ్లు అంటున్నా, చెల్లె ఆ కవరు తీసుకుని దవాఖానకు వెళ్లింది. కిటికీలో ఉన్న ఫార్మసిస్టు చిన్న వయసు అమ్మాయి. డాక్టరు చీటీ రాస్తే ఇస్తానంది. డాక్టరు వైద్య శిబిరాలకు వెళ్లాడు, మళ్లీ సోమవారమే వస్తాడు. అప్పుడు మా చెల్లె అరుగు మీద కూర్చుని నాకు ఫోన్ చేసింది.

బయట కొనలేదా అని అందరూ అడుగుతారు. నేనూ అడిగాను. అక్కడి దుకాణంలో ఆమె వాడే రకం లేదు. పెన్నుతో వేసుకునే రకం ఉంది, దాని ధర చాలా ఎక్కువ. పత్తి పైసలు రాలేదు, మట్టి ఖర్చులు అయ్యాయి, పదకొండో రోజు భోజనాలు ముందున్నాయి. బావ అప్పు తెస్తానన్నాడు. ఆమె వద్దంది. సోమవారం డాక్టరు వస్తే ఊరికే వచ్చేదానికి నాలుగు రోజుల కోసం అప్పెందుకని. అదీ కాక వాళ్లకు ఒక దారి దొరికింది.

వెనుక గల్లీలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. ఆయనకూ అదే దవాఖాన నుంచి అదే మందు వస్తుంది. సంగతి విని తన సీసా తీసుకుని ఆయనే వచ్చాడు. బుధవారం సాయంత్రం నుంచి శనివారం దాకా తన మందులోంచి ఆమెకు ఇచ్చాడు. ఆమె పూర్తిగా తీసుకోలేదు, సగమే తీసుకుంది. ఆయన పరామర్శకు వచ్చి నాతో చెప్పిన మాటలు ఇవి:

“ఏం జెయ్యాలె సాబ్? నాకు గూడ గింతే ఇస్తరు. ఆదివారం పొద్దుగాల పోయిన. బేటీ, చెయ్యి ఇటియ్యి అన్న. ఇయ్యలే. ‘చాచా, నీది అయిపోతె నువ్వేం జేస్తవ్, రేపు డాక్టర్ వస్తడు, ఫికర్ చెయ్యకు’ అన్నది. చాయ్ గూడ పెట్టిచ్చింది నాకు. నేను తాగి వచ్చిన. తాగి వచ్చిన సాబ్.”

ఆదివారం సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. కడుపు నొప్పి అంది. సోమవారం పొద్దున బావ ఆమెను దవాఖానకు తీసుకువెళ్లేసరికి ఊపిరి ఎగబీలుస్తోంది. డాక్టరు వచ్చే ఉన్నాడు. చూసిన వెంటనే అంబులెన్సు పిలిపించి ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి పంపాడు. చీటీ రాసే అవసరం లేకపోయింది.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. “జల్ది రా” అని మాత్రమే అన్నాడు. బస్సు కొండగట్టు దగ్గర ఆగినప్పుడు నేను చేశాను, ఎత్తలేదు. జగిత్యాలలో చేశాను. నిర్మల్‌లో ఎత్తి, “ఉన్నది” అన్నాడు.

నేను వెళ్లేసరికి ఆమెకు స్పృహ లేదు. నాతో ఆమె చివరిగా అన్న మాట, నువ్వు తిను, సల్లారిపోతది.

మంగళవారం పొద్దున వార్డులోకి రానిచ్చారు. నర్సు ఫ్రిజ్ తెరిచి ఒక సీసా తీసి, మందు సిరంజిలోకి ఎక్కించి, సెలైన్‌లో కలిపింది. ఆ సీసా మీద ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర ఉంది. దాని కింది లాట్ నంబరు నాకు తెలుసు. ఆ నెల అది నేను చాలాసార్లు రాశాను. మా చెల్లెకు ఇచ్చిన రెండు సీసాలదీ అదే నంబరు. ఫ్రిజ్‌లో అలాంటివి అర నిండా ఉన్నాయి.

“సిస్టర్, గీ సీస ఖాళీ అయినంక ఏం జేస్తరు?” అని అడిగాను.

“పడేస్తం సార్. ఎందుకు?”

“ఏం లేదు.”

రెండు రోజులు ఆమె కోసం ఆ ఆసుపత్రి చేయగలిగిందంతా చేసింది. అంబులెన్సు, ఐసీయూ మంచం, గంట గంటకూ రక్తపరీక్షలు, ఊపిరికి యంత్రం, పక్కనే ఒక నర్సు. ఒక్క పైసా అడగలేదు. అదంతా సర్కారు సొమ్మే. పగిలిన సీసాలకు బదులు ఇచ్చి ఉంటే అయ్యే ఖర్చు పక్కన ఇది ఎంతో లెక్క వేయడం నా వృత్తి. అయినా అక్కడ నిలబడి లెక్క వేయలేకపోయాను. ఒకటే అర్థమైంది. ఆమె అరుగు మీద కూర్చున్నప్పుడు సందేహించిన సర్కారు, ఆమె స్పృహ తప్పాక ఏమీ అడగలేదు. రెండు చోట్లా ఉన్నది మాలాంటి మనుషులే.

బుధవారం ఉదయం చనిపోయింది. ఊరికి తీసుకువెళ్లాం.

మూడో రోజు పాలోళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఇల్లు కడిగారు. కుండల కోసం చూశారు. ఆ ఇంట్లో పడేయడానికి ఒక్క కుండ కూడా లేదు. పది రోజుల కిందే అన్నీ పడేశారు, కొత్తవి ఇంకా తెచ్చుకోలేదు. వాళ్లు వాకిట్లో ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. ఆ పెద్దామె చీపురు పట్టుకుని, కడిగిన చోటే మళ్లీ కడిగింది.

బావ వెనుక అర్రలోంచి గాజు ముక్కల కవరు తెచ్చి మా ఇద్దరి నడుమ మంచం మీద పెట్టాడు.

“అది నీకు ఫోన్ చేసింది గదా.”

“చేసింది.”

“ఏమన్నవ్?”

“ఇయ్యరన్న.”

“గదే చెప్పింది. అన్నను అడిగిన, కుదరదట, ఇగ ఎవల్నీ అడుగొద్దన్నది.”

“బావా, తనదని చెప్పలే. ఊర్ల ఒకామెది అన్నది. నీ మందు ఉన్నదా అని గూడ అడిగిన. ఉన్నదన్నది.”

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. కోపంగా కాదు. నేనన్నది ఆయనకు నిజంగా అర్థం కానట్టు చూశాడు.

“ఒకామెదైతె ఏంది బామ్మర్ది?” అన్నాడు. “ఒకామె అయితె సావచ్చా?”

మా చెల్లె అని తెలిస్తే నేను అప్పుడే లేచి, స్టోరులోంచి కాకపోయినా బజారులో కొని, బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపేవాణ్ణి. అది నాకు తెలుసు. ఒకామె కోసం అన్నం డబ్బా పక్కన పెట్టలేదు. మనిషి పోయాక చదువుకోవడానికి పుస్తకాలు చాలా ఉన్నాయి, నేనూ కొన్ని చదివాను. పోయిన మనిషిని గురించి అవి బాగా చెబుతాయి. ఈ ఒకామె గురించి నాకు ఎక్కడా కనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మండల కేంద్రంలో దిగి దవాఖానకు వెళ్లాను. కిటికీలో ఆ అమ్మాయే ఉంది. నేను ఎవరో చెప్పాను, అన్నను అని మాత్రమే. ఆమె మొహం పాలిపోయింది.

“నేను ఇద్దామనుకున్న సార్. ముక్కలు సూసిన, లేబుల్ గూడ సూసిన. ఆమె అబద్ధం చెప్తలేదని నాకు ఎరుకే. పోయిన నెల ఒక సీస తక్కువొచ్చిందని నా జీతంల కోసిండ్రు. ఈ లైను సదువుండ్రి సార్, మీరే సదువుండ్రి.” వేలు పెట్టి గోడ మీది కాగితం చూపించింది.

చదివాను. పైన మా ఆఫీసు పేరు, కింద అధికారి సంతకం, నడుమ నా వాక్యం. మూడు మాటలు. వ్యాకరణం తప్పు లేదు. ఎవరూ తప్పుగా అర్థం చేసుకునే వీలు లేదు.

“ఇది నేనే రాసిన” అన్నాను.

ఆ అమ్మాయి చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. వెనుక లైనులో ఉన్నవాళ్లు జరగమన్నారు. జరిగాను.

కరీంనగర్ వచ్చాక స్టోరు వెనుక గది తాళం తీయించాను. సర్క్యులర్ ప్రకారం దవాఖానలు వసూలు చేసిన ఖాళీ సీసాలన్నీ మాకే తిరిగి వస్తాయి. గోనె సంచుల్లో పైకప్పు దాకా ఉన్నాయి. ఎవరూ విప్పి లెక్కపెట్టలేదు. రిజిస్టర్లో ఎంత రాసి ఉంటే అంతే నిజమనుకున్నాం. సంచుల్లో వేసి, ఒకదానిపై ఒకటి పడేసి తెచ్చినవి, చాలావరకు పగిలిపోయి ఉన్నాయి. గాజు పొడి సంచుల్లోంచి నేల మీదికి రాలింది.

ఆ సీసాలను మామూలు చెత్తలో వేయకూడదు. ఆసుపత్రి వ్యర్థాలు తీసుకుపోయే ఏజెన్సీ కిలోల లెక్కన డబ్బు తీసుకుంటుంది. ఆ బిల్లులు ప్రతి నెలా నా చేతి మీదుగానే వెళ్లాయి. దవాఖానల నుంచి సంచులు తేవడానికి వ్యాను అదనంగా తిరిగిన ఖర్చూ నేనే పాస్ చేశాను. అన్నింటినీ ఒక చోట పెట్టి ఎప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను. దొంగతనం ఎంత ఆగిందో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ దొరకలేదు. దాన్ని ఎవరూ చూడలేదు, నాతో సహా.

సర్క్యులర్ రద్దు చేయాలని పైవాళ్లకు నోట్ ఫైల్ రాశాను. మొదటి రోజు రాసిన దానిలో చెల్లె ఉంది. చించేశాను. మా ఆఫీసులో ఏ కాగితం ఎలా కదులుతుందో నాకు తెలుసు. ఒక మనిషి చనిపోయిందని రాస్తే విచారణ వేస్తారు. కిటికీలో ఉన్న ఆ అమ్మాయి మీద పడుతుంది, సర్క్యులర్ గోడ మీదే ఉంటుంది. రెండో రోజు రాసినదాంట్లో సంచులు, కిలోలు, వ్యాను, బిల్లులు మాత్రమే ఉన్నాయి.

అధికారి అంతా చదివి కళ్లజోడు తీశారు. “నీ చెల్లె ముచ్చట ఇండ్ల రాయలే గదా?”

“రాయలే సార్.”

“మంచిగ చేసినవ్” అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “నాకు గూడ నిద్ర పడ్తలేదయ్యా” అన్నారు. సంతకం పెట్టి పైకి పంపారు.

ఎవరూ ప్రశ్న వేయలేదు. వ్యర్థాల తరలింపు ఖర్చు ఎక్కువగా ఉన్నందున పాత సర్క్యులర్‌ను రద్దు చేస్తున్నట్టు రెండు వరుసల ఉత్తర్వు వచ్చింది. దాని ప్రతి ఒకటి బావకు పంపాను. అందిందని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండు జిల్లాల దవాఖానల్లోనూ గోడ మీది కాగితం తీసేశారు. మందు ఇచ్చేటప్పుడు ఖాళీ సీసా అడగడం లేదు.